దూరమా అని అడిగిందెవరు

దయ్యాల మాట ఎత్తాలంటే మా బడిలో పిల్లలు ముందు నా మొహం చూసేవారు. తాడేపల్లిగూడెం హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయినదాన్ని నేను. గాలి సోకిందని ఎవరైనా తాయెత్తు కట్టుకొస్తే, బల్ల దగ్గరికి పిలిచి, ఆ తాయెత్తు బరువెంతో తూచి చెప్పమనేదాన్ని. అంతకుమించి దానికున్న గుణాలేవీ నాకు తెలియవనేదాన్ని.

ధ్వని పాఠం నాకు ఇష్టమైన పాఠం. శబ్దం పుట్టాలంటే ఏదో ఒక వస్తువు కంపించాలి. అది మన చెవిదాకా రావాలంటే మధ్యలో గాలో నీరో ఉండాలి. వస్తువు లేనిదే శబ్దం లేదు. ఈ మాట ఎన్ని క్లాసుల్లో చెప్పానో నాకే గుర్తులేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ మాటకి అడ్డం వచ్చిన సంగతి. నాతోపాటు ఇంకో ఇద్దరు విన్నారు కాబట్టి రాస్తున్నాను. నేనొక్కదాన్నే వినుంటే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళి ఊరుకునేదాన్ని.

మావారు ఇరిగేషన్‌లో పనిచేశారు. కొల్లేరు చుట్టూ ఉన్న కాలవలు, డ్రెయిన్లు, గట్లు, వాటి మీద తిరగడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఆయన యూట్యూబ్ చూడడం మొదలుపెట్టారు. అందులో పూలచొక్కా వేసుకున్న ఒక తెల్లాయన, మీరు రిటైరయ్యారా, చలికి విసిగిపోయారా, అయితే బెలీజ్ వచ్చేయండి అని పిలుస్తుంటాడు. అది మధ్య అమెరికాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం. ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటుందట, అందరూ ఇంగ్లీషు మాట్లాడతారట, రిటైరయిన పరాయి దేశంవాళ్ళని ఆదరంగా ఉండనిస్తారట. చేపలు, కొబ్బరిచెట్లు సరేసరి.

"మనం చలికి ఎప్పుడు విసిగాం అండీ?" అన్నాను. మే నెలలో మా ఏలూరులో కుళాయి తిప్పితే కాచిన నీళ్ళొస్తాయి. చేపలు కావాలంటే పక్కనే కొల్లేరుంది. కొబ్బరిమట్ట మా వంటింటి కిటికీకి తగులుతూనే ఉంటుంది. వాళ్ళు గొప్పగా చెప్పేవన్నీ మనం పుట్టినప్పటినుంచీ పడుతున్నవే కదా అని వేళాకోళం చేశాను. ఆయన నవ్వారు కానీ వీడియోలు మానలేదు.

ఈ కబురు మా పవర్‌పేటలో పాకిపోయింది. పక్కింటి రామలక్ష్మి గారు గోడ మీంచి తొంగిచూసి, "ఆ బెలీజో బెల్లమో, అక్కడ కాకరకాయలు దొరుకుతాయాండీ?" అని అడిగారు. ఆవిడ ఎగతాళికే అడిగారు. మావారు మాత్రం రాత్రంతా ఫోన్‌లో వెతికి, దొరుకుతాయని మర్నాడు పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చారు. ఇది సరదా కాదని అప్పుడు నాకు అర్థమయింది.

ఎందుకు వెళ్ళిపోవాలనుకుంటున్నారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు. మాకు పిల్లలు లేరు. మా ఇద్దరి మధ్య ఆ బాధ ఏనాడో సర్దుకుంది. సర్దుకోనిది బయటే. పెళ్ళికెళ్ళినా, గృహప్రవేశానికెళ్ళినా, రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా, ఊరూ పేరూ అయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే. "పిల్లలెంతమందండీ?" ఎంత మెత్తగా అడుగుతారంటే కోప్పడడానికి కూడా వీలుండదు. లేరండీ అంటే అయ్యో అంటారు. కొందరు ఫలానా డాక్టరుకి చూపించుకోమంటారు, అరవై దాటినవాళ్ళతో.

నేను బడిలో పిల్లలతో, హెడ్మాస్టర్లతో వాదించి మొండిబారిపోయాను. ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తాను. ఆయనకి అలా చేతకాదు. అత్తిలిలో ఒక పెళ్ళిలో పక్క కుర్చీలో ఉన్నాయన ఆ మాట అడగ్గానే, సగం కొరికిన గారె విస్తట్లో వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయారు. ఆయనకి గారెలంటే ప్రాణం. ఎవరూ ఏమీ అడగని ఊళ్ళో బతకాలన్నది ఆయన కోరిక. ఆ ఊరు భూమికి అటు చివర ఉన్నా సరే.

ఒకప్పుడు ఆ ప్రశ్ననుంచి మమ్మల్ని కాపాడే మనిషి ఇంట్లోనే ఉండేవారు. మా అత్తగారు.

ఆవిడ పుట్టిల్లు కొల్లేట్లో లంక ఊరు. ఆవిడ చిన్నతనంలో వానాకాలమంతా దోనె ఎక్కితే తప్ప బయటికి రావడానికి దారి ఉండేది కాదట. దోనెలో కాలు పెట్టినవాళ్ళని ఎక్కడికి అని అడగకూడదు, అడిగితే నీళ్ళకి వినపడుతుంది అనేవారు. అందుకని "దూరమా?" అని అడుగుతారు. వెళ్ళేవాళ్ళు ఎంత దూరం వెళ్తున్నా "లేదు, దగ్గరే" అనాలి. ఊరి పేరు ఎత్తకూడదు.

పవర్‌పేటలో మా వీధిలో కుళాయిలో తప్ప నీళ్ళు లేవు. అయినా ఆవిడ మానలేదు. మావారు గుమ్మంలో చెప్పులు వేసుకోగానే, వంటింట్లోంచో మంచం మీంచో "దూరమా?" అనేవారు. 'దూ' దగ్గర సాగదీసి 'మా' దగ్గర తేలిగ్గా వదిలేసేవారు. "లేదమ్మా, దగ్గరే" అనేవారు మావారు. కైకలూరు వెళ్తున్నా దగ్గరే, హైదరాబాదు వెళ్తున్నా దగ్గరే.

కొత్తలో నేను కావాలనే "ఎక్కడికండీ?" అని గట్టిగా అడిగేదాన్ని. ఆవిడ కొడుకుని వెనక్కి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, మళ్ళీ కొత్తగా బయల్దేరదీసేవారు. నా సైన్సు వల్ల ఆయనకి బస్సులు తప్పిపోయేవి. నన్ను మాత్రం ఒక్క మాట అనేవారు కాదు. "చదువుకున్న పిల్ల, తెలుసుకోవాలని ఉంటుంది కదా" అనేవారు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆ మాటకి ఆవిడ దగ్గర ఇంకో ఉపయోగం కూడా ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలు పిల్లల ప్రస్తావన తీసుకురాగానే, ఆవిడ ఎంతో ఆప్యాయంగా "మీ ఊరు దూరమా అమ్మా? పొద్దుపోతోంది, మళ్ళీ బస్సు దొరుకుతుందో లేదో" అనేవారు. మిట్టమధ్యాహ్నం కూడా అలాగే అనేవారు. వాళ్ళు కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచేవారు. నా తరఫున ఆవిడ అంతకంటే ఏమీ మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరమూ రాలేదు.

ఆవిడ పోయాక గుమ్మంలో ఆ మాట ఆగిపోయింది. ఎక్కడికి అని అడగడం నేనూ మానేశాను. ఏడిపించడానికి ఆవిడ లేకపోతే అడగడంలో ఏముంది? మావారు చెప్పులు వేసుకుని, ఒక్క క్షణం అలా నిలబడి, తర్వాత వెళ్ళేవారు. ఎందుకు నిలబడుతున్నారో నాకు తెలుసు. కానీ ఆ మాట నేను అనాలంటే ఏదో సిగ్గుగా ఉండేది. అది ఆవిడ మాట.

చివరికి బెలీజ్‌కి నేనే సరేనన్నాను. ముందు వెళ్ళి చూద్దాం, నచ్చితే అప్పుడు ఆలోచిద్దాం అన్నాను. చూస్తే మోజు తీరిపోతుందని లోపల నా లెక్క. తాళాలు రామలక్ష్మి గారికిచ్చి బయల్దేరాం. విమానాలు మారి మారి, నడుములు పడిపోయాక, చేరాం.

నా లెక్క తప్పింది. సముద్రానికి ఆనుకుని చిన్న ఊరు. మన లంకల్లో మట్టి దిబ్బ ఎత్తు చేసి ఇల్లు కట్టుకుంటే, అక్కడ కర్ర స్తంభాల మీద కట్టుకుంటారు. పడవలు కట్టే గుంజ మీద గూడబాతు, అదే పెలికాన్, కూర్చుని ఉంది. మావారు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించారు. మన కొల్లేరు దగ్గర ఆటపాకలో కనపడేవి తెల్లగా ఉంటాయి, ఇది గోధుమరంగులో ఉంది, అంతే తేడా. ఇంత దూరం వచ్చి చూసింది గూడబాతునా అన్నాను.

మనుషులు మంచివాళ్ళు. ఎదురుపడితే గుడ్ మార్నింగ్ అంటారు, ఎండ ఎక్కువగా ఉందంటారు, వెళ్ళిపోతారు. పిల్లల మాట ఒక్కరు కూడా ఎత్తలేదు. రోజులు గడిచేకొద్దీ ఆయన భుజాల మీది బరువు దిగింది. కొబ్బరిపాలతో వండిన అన్నం, అందులో ఎర్ర చిక్కుడుగింజలు, రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. స్నానం చేస్తూ కూనిరాగం తీశారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన కూనిరాగం నేను వినలేదు.

అప్పుడు నాకు భయం వేసింది. ఆ ఊరు నాకు నచ్చలేదని కాదు, నచ్చింది. కానీ తెలుగులో నన్ను కసురుకునేవాళ్ళు ఒక్కరూ లేని చోట ముసలిదాన్ని కావడం నావల్ల కాదు. రామలక్ష్మి గారి గోడ, గూడెం ప్యాసింజర్లో నాతో తిరిగిన టీచర్లు, అత్తగారి మంచం ఉన్న గది, ఇవన్నీ వదిలి ఎలా రాను? ఆ మాట చెప్దామంటే ఆయన మొహం చూస్తే నోరు రావడంలేదు. ఎన్నో ఏళ్ళకి ఒక మనిషి హాయిగా ఉంటే, ఆ హాయి చెడగొట్టే హక్కు నాకెక్కడిది అనిపించింది.

ఒక ఇల్లు చూశారు. అన్నీ మాట్లాడుకున్నారు. తిరుగు ప్రయాణానికి ముందు లాయరు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు చెయ్యాలి. చేశామంటే ఏలూరు ఇల్లు అమ్మేసి వచ్చేయడమే. ఆ పొద్దున నేను నా మంచి చీర కట్టుకున్నాను. మొహం మామూలుగా పెట్టుకోవడానికే సగం బలం అయిపోయింది.

మేం దిగిన ఇంటికి పక్కనే మిస్ ఐరిస్ అని పెద్దావిడ ఉండేవారు. అక్కడ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు. నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఇంటి మెట్ల మీద కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటూ ఉండేవారు. ఆ రోజు కొబ్బరి తురుముతున్నారు. గుడ్ మార్నింగ్ అన్నారు, మేమూ అన్నాం. ఆవిడ్ని దాటి ముందుకు నడిచాం.

ఎండ బాగా వచ్చేసింది. గాలి లేదు. ఇసక రోడ్డు మీద మేం తప్ప మనిషి లేడు, బండి లేదు. ఈ వివరాలు నేను కావాలనే రాస్తున్నాను.

వెనకనుంచి, "దూరమా?" అని వినపడింది.

మావారు నడక ఆపకుండా, వెనక్కి తిరక్కుండా, "లేదమ్మా, దగ్గరే" అన్నారు.

అనేసి ఇంకో రెండడుగులు వేశారు. అప్పుడు ఆగిపోయారు. నేనూ ఆగిపోయాను. నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఎండలో.

ముందు నేనే వెనక్కి తిరిగాను. మిస్ ఐరిస్ కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని మా వంక చూస్తున్నారు. మన మాట ఈవిడకెలా వచ్చిందని దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు మీరేమన్నారు అని ఇంగ్లీషులో అడిగాను.

"నేనేమీ అనలేదే," అన్నారావిడ. "నువ్వే కదా ఆయన్ని ఏదో అడిగావు. ఆయన జవాబు కూడా చెప్పాడు."

నేను నోరు విప్పలేదన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూశారు. "ఆడగొంతు వినపడింది. నీకంటే పెద్దావిడ గొంతులా ఉంటే, జలుబు చేసిందేమో అనుకున్నాను."

ఏమని వినపడిందో అనగలరా అని అడిగాను. ఆవిడ కాస్త ఆలోచించి, "డూ... రమా" అన్నారు. ముందు సాగదీసి, చివర తేలిగ్గా వదిలేశారు. ఆ మాట అప్పటిదాకా ఆవిడ ముందు మేమిద్దరం అనలేదు. ఆ ఊళ్ళోనే అనలేదు.

నేను ఊరుకునేరకం కాదు. అక్కడికక్కడే నాకు తోచినవన్నీ అడిగాను. తరాల కిందట మన దేశంనుంచి కూలికి వెళ్ళినవాళ్ళ సంతానం ఆ దేశంలో ఉన్నారని విన్నాను. మీవాళ్ళలో ఎవరైనా ఇండియావాళ్ళా అంటే కాదన్నారు. ఆ వీధిలోనూ ఎవరూ లేరన్నారు. రేడియో పెట్టారా అంటే లేదన్నారు. మా ఫోన్లు రెండూ నా సంచీలోనే, ఆపేసి ఉన్నాయి. అయినా అత్తగారి గొంతు ఏ ఫోన్‌లోనూ లేదు, ఎవరూ రికార్డు చేసి ఉంచలేదు. మేమిద్దరం జ్ఞాపకంలో పడి భ్రమపడ్డామనుకుందాం. మరి మిస్ ఐరిస్‌కి మా అత్తగారి జ్ఞాపకం ఎక్కడిది?

ఈలోపు మావారు వచ్చి ఆ మెట్ల మీద కూర్చున్నారు. మంచినీళ్ళు అడిగారు. ఆవిడ లోపలికి వెళ్ళి గ్లాసుతో తెచ్చిచ్చారు. ఆయన నెమ్మదిగా తాగారు. మా ఇంట్లో పద్ధతి నాకు తెలుసు కదా. కూర్చుని నీళ్ళు తాగాక మళ్ళీ కొత్తగా బయల్దేరాలి. ఆయన లేస్తారని, లాయరు ఆఫీసుకి నడుస్తామని నిలబడి చూస్తున్నాను.

ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "దగ్గరే అని చెప్పేశాను సుజాతా," అన్నారు. "ఎప్పుడూ దగ్గరే అని చెప్పి, చీకటి పడేలోపో, మర్నాడో ఇంటికొచ్చేసేవాణ్ణి. ఇప్పుడు అమ్మకి దగ్గరే అని చెప్పి ఇక్కడ ఉండిపోతే ఎలా?"

ఆయన ఏడుస్తున్నారు. అమ్మ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి, ఎవరో పరాయి ఆవిడ మెట్ల మీద, కొబ్బరి తురుము పక్కన కూర్చుని ఏడిచారు. మిస్ ఐరిస్ ఏమీ అడగలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, పని మళ్ళీ మొదలుపెట్టారు.

సంతకాలు చెయ్యలేదు. లాయరుగారికి ఫోన్ చేసి క్షమించమన్నాం. నాకు సంతోషం వేసింది, కాదని అబద్ధమాడను. కానీ ఆయన భుజాల మీది బరువు దిగడం కూడా ఈ కళ్ళతోనే చూశాను. ఆ సుఖం నావల్లే పోయినట్టు విమానంలో దారిపొడుగునా గుండె బరువుగా ఉంది.

ఇక్కడికొచ్చాక ఆయన మళ్ళీ ముడుచుకుపోతారేమో అని భయపడ్డాను. ఆ మధ్య నల్లజర్లలో గృహప్రవేశానికి వెళ్ళాం. పక్కన కూర్చున్నాయన నీళ్ళగ్లాసు అందిస్తూ, పిల్లలెంతమందండీ అని అడగనే అడిగారు. "లేరండీ," అన్నారు మావారు. ఆయన అయ్యో అనేలోపే, "మీ ఊరు దూరమా అండీ? పొద్దుపోతోంది కదా," అని ఎంతో ఆప్యాయంగా అడిగారు. అప్పుడు మధ్యాహ్నం భోజనాలవుతున్నాయి. ఆ పెద్దమనిషి కంగారుగా వాచీ చూసుకున్నారు. మావారు గారె పూర్తిగా తిన్నారు. ఇంకోటి వేయించుకున్నారు.

ఇదంతా మా ఇద్దరికీ తెలిసిన కథే. ఆయనకి తెలియనిది ఒకటుంది, అందుకే ఇదంతా రాయడం.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న. ఇకనుంచి గుమ్మంలో ఆ మాట నేను అడగాలని విమానంలోనే నిశ్చయించుకున్నాను. నేను స్టవ్ దగ్గర ఉన్నాను, పాలు పొంగడానికొచ్చాయి. ఆయన సంచీ తీసుకుని రైతుబజారుకి బయల్దేరారు. గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. మాట నా నాలిక చివరదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ అడగనిది ఇప్పుడు అడగాలంటే సిగ్గు, పైగా అది ఆవిడ మాట. మంట తగ్గించి, చెయ్యి చెంగుకి తుడుచుకుని, గొంతు సవరించుకోబోతున్నాను.

"లేదు, దగ్గరే," అన్నారాయన గుమ్మంలోంచి, హుషారుగా. గేటు గడియ పడింది.

నేను ఇంకా అడగలేదు.

ఈసారి నాకేమీ వినపడలేదు. పాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన కాకరకాయలతో తిరిగొచ్చి, సంచీ బల్ల మీద పెడుతూ, "ఇన్నాళ్ళకి నీ నోట ఆ మాట విన్నాను," అన్నారు. ఆ మొహంలో ఉన్న సంతోషం చూశాక, అడిగింది నేను కాదండీ అని ఎలా చెప్పను? "మరి అడగనా ఏంటి," అని కాకరకాయలు కడగడానికి సింకు వైపు తిరిగాను.

ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. పిల్లలకి చెప్పిన పాఠం తప్పని అనను. ఏదో ఒక వస్తువు కంపించే ఉంటుంది. అదేమిటో నాకు తెలియదు.

ఆ రోజునుంచీ చెప్పుల చప్పుడు కాగానే నేను అడుగుతున్నాను. స్నానాల గదిలో ఉన్నా అరిచి మరీ అడుగుతున్నాను. దగ్గరే అంటారాయన, వెళ్తారు, వచ్చేస్తారు. ఒక్కోరోజు మాత్రం, అడిగే ముందు, స్టవ్ కట్టేసి, ఫ్యాన్ కట్టేసి, కావాలనే కాస్త ఆగుతాను.